పత్తిచేని సాక్ష్యము: బుద్ధిపూర్వక నిర్మాణమా, ప్రకృతి వరణమా?



ఈశ్వరుడు కలడని నమ్ము మనలో పెక్కుమంది ఆ నమ్మికకు మొదటి హేతువుగా చెప్పునది జీవుల నిర్మాణమందలి చాతుర్యము. కన్నును చూడుడు, తేనెటీగ రెక్కను చూడుడు, ఇంత పొందికగల యంత్రము నిర్మాత లేక యెట్లు కలుగునని యందురు. ఈ వాదము ప్రాచీనమైనది, మధురమైనది, భక్తుల నోట వినుటకు ఇంపైనది. కాని మధురమైన వాదమెల్ల ఋజువైన వాదము కాదు. న్యాయస్థానములలో దినదినమును తేలుచున్న సంగతి యిది. కావున ఈ వాదమును, దానికెదురుగా నిలిచిన డార్విను సిద్ధాంతమును, మన గుంటూరు, ప్రకాశం మైదానముల పత్తి, మిరప చేలలో దొరకు సాక్ష్యముచే పరీక్షింపవలెనని ఈ పాఠము వ్రాయుచున్నాను. ఇది పండితుల కాలక్షేపము కాదు. ఈ విషయము తెలియనందున మన రైతులు పంటలు పోగొట్టుకొనిరి, అప్పుల పాలైరి, కొందరు ప్రాణములే తీసికొనిరి.

1. వాదప్రతివాదములు

నిర్మాణవాదము పాశ్చాత్యులు తెచ్చి మనకిచ్చినది కాదు. కుండ యున్నది గనుక కుమ్మరి యున్నాడు, అట్లే జగత్తు కార్యము గనుక దానికొక కర్త యుండవలెనని మన నైయాయికులు వాదించిరి. ఉదయనాచార్యులు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరసాధనకై చూపిన హేతువులలో నిది ముఖ్యమైనది. 1802లో ఇంగ్లండునందు విలియం పేలీ యను మతాచార్యుడు కుండకు మారుగా గడియారమును చూపెను. బీటిలో పడియున్న రాయి ఎవరును చేయకయే అచ్చట నుండవచ్చును గాని, పడియున్న గడియారమును జూచినవాడు దానిని చేసినవా డొకడు కలడని తలపక మానడని ఆయన వాదము. నేడు బుద్ధిపూర్వక నిర్మాణమను పేర ప్రచారములో నున్నది ఈ వాదమే.

దీనిని తిరస్కరించినవారందరును భక్తిహీనులని తలపరాదు. మీమాంసకుడగు కుమారిలభట్టు కుమ్మరి దృష్టాంతమును తిప్పికొట్టెను. కుమ్మరికి శరీరము కలదు, అతడు నశించువాడు, దృష్టాంతము సరియైనచో జగత్కర్తయు నట్టివాడే కావలెను గదా యని అతని ప్రశ్న. పరమభక్తులగు రామానుజాచార్యులు శ్రీభాష్యమున ఈశ్వరుడు అనుమానప్రమాణముచే సాధింపబడడని సవిస్తరముగ వాదించిరి. భక్తి యొకటి, ఈ తర్కమొకటి యని మన పెద్దలు ఏనాడో యెరిగియుండిరి.

ప్రతివాదము 1858లో వెలువడెను. చార్లెస్ డార్విను, ఆల్ఫ్రెడ్ వాలెసు అను నిరువురి వ్రాతలు లండనునందలి లిన్నేయస్ సంఘమున ఒక్కనాడే చదువబడెను. మరుసటి యేట డార్విను జాతుల పుట్టుకను గూర్చిన తన మహాగ్రంథమును ప్రకటించెను. సిద్ధాంతమును నాలుగు మాటలలో చెప్పవచ్చును. ఒకే జాతి జీవులలో పరస్పర భేదము లుండును. ఆ భేదములలో కొన్ని తల్లిదండ్రులనుండి సంతతికి సంక్రమించును. పుట్టినవన్నియు బ్రదికి పిల్లలను కనవు. ఏ భేదము బ్రదుకుటకును పిల్లలను కనుటకును తోడ్పడునో అది తరతరమునకు హెచ్చును. ఇంతియే. ఎన్నువాడు లేడు గాని ఎన్నిక జరుగును. దీనికే ప్రకృతి వరణమని పేరు.

ఇచ్చట నొక అపోహను తొలగింపవలెను. డార్విను చెప్పినది సర్వము కాకతాళీయమనియే గదా యని కొందరందురు. పురుగు కర్రను తొలుచుచు బోగా దైవవశమున నొక అక్షరము ఏర్పడుటను మనవారు ఘుణాక్షరన్యాయ మందురు. అట్లు ఒక గ్రంథమంతయు ఏర్పడదనుట నిజమే. కాని వరణము ఘుణాక్షరము కాదు. భేదము పుట్టుట యాదృచ్ఛికము, అది నిలుచుటగాని నశించుటగాని యాదృచ్ఛికము కాదు. పనికివచ్చిన ప్రతి గీతను నిలిపి, పనికిరానిదానిని చెరిపివేయు న్యాయమొకటి వెనుక నున్నయెడల, అక్షరములు పదములగుటయు పదములు వాక్యములగుటయు అసంభవము కాదు.

2. పురుగు అలవాటు పడినదా?

ఇక సాక్ష్యమునకు వత్తము. 1980వ దశకారంభమున మన దేశమున పైరిథ్రాయిడ్లను కొత్త పురుగుమందులు వాడుకలోనికి వచ్చెను. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి సాగు విస్తరించుచున్న కాలమది. మొదట ఆ మందులు అద్భుతముగ పనిచేసెను. 1984-85లో తెల్లదోమ విజృంభించెను. 1987-88లో శనగపచ్చ పురుగు చేలకు చేలనే తినివేసెను. రైతులు కొట్టిన మందే మరల కొట్టిరి, రెండు మూడు మందులు కలిపి కొట్టిరి. కొన్ని చేలలో ఒక్క పంటకాలమున ఇరువది తడవలకు మించి కొట్టిరి. పురుగు చావలేదు. అప్పులు పెరిగెను. ఆ యేడు ఈ రెండు జిల్లాలలో పత్తిరైతులు ఆత్మహత్యలు చేసికొనిన వార్త దేశమంతట వినబడెను. 1987లో ఆంధ్రప్రదేశ్ చేలనుండి సేకరించిన పురుగులను శాస్త్రజ్ఞులు పరీక్షించి, అవి సైపర్‌మెత్రిన్, ఫెన్వలరేట్ మొదలగు మందులను గట్టిగా తట్టుకొనుచున్నవని 1989లో ప్రకటించిరి.

మన పల్లెలలో దీనికి చెప్పు కారణము రెండు విధములు. మొదటిది, మందు నకిలీది యనుట. న్యాయవాదుల కడకు ఖాళీ సీసాతో వచ్చు రైతు మొదట చెప్పు మాట యిదియే. నకిలీ మందులు లేవని చెప్పజాలము, కాని పరీక్షింపగా మందు సరియైనదేయని తేలిన సందర్భములును కలవు. అప్పుడు దోషి యెవడు? రెండవది, పురుగు మందుకు అలవాటు పడినదనుట. వినుటకు సరిగానే యున్నది గాని ఈ మాటలోనే పొరపాటు కలదు. మందు తగిలిన పురుగు అలవాటు పడలేదు, అది చచ్చినది. వేలకొలది పురుగులలో ఎచ్చటనో ఒకదానికి, మందు తగులకముందే, పుట్టుకతోనే ఆ విషమును విరుగగొట్టు శక్తి కొంచెము హెచ్చుగ నుండెను. లేదా విషము సోకవలసిన నరములలోని అంశము కొంచెము మారియుండెను. మందు లేనినాడు ఆ భేదమునకు విలువ లేదు. మందు కొట్టిననాడు తక్కినవన్నియు చావగా అది మిగిలెను. దాని సంతతి చేనినిండ వ్యాపించెను. మరల మందు కొట్టినకొలది రైతు తన శత్రువులలో బలహీనులను చంపి బలవంతులకు చేనిని అప్పగించుచుండెను. మందు పురుగును మార్చలేదు, ఏ పురుగు పిల్లలను కనవలెనో తేల్చెను. డార్విను చెప్పినది అక్షరాల నిదియే. పంట కాపాడు మిత్రకీటకములును ఆ మందుకే బలియగుటచే మిగిలిన పురుగునకు అడ్డు లేకపోయెను.

3. నిజముగా నిర్మింపబడిన విత్తనము

బుద్ధిపూర్వక నిర్మాణమనగా నెట్లుండునో చూడగోరువారు దూరము పోనక్కర లేదు. 2002 మార్చిలో మన దేశమున అనుమతి పొందిన బీటీ పత్తివిత్తనము అట్టి నిర్మాణమే. బాసిల్లస్ తురింజియెన్సిస్ అను మట్టి సూక్ష్మజీవిలో గొంగళిపురుగులకు విషమగు మాంసకృత్తు నొకదానిని చేయించు జన్యువు కలదు. ఆ జన్యువును మనుష్యులు ఎన్నుకొని, దిద్ది, పత్తిలోనికి చేర్చిరి. నిర్మాతలెవరో తెలియును. ఉద్దేశమేమో తెలియును. ప్రయోగముల దాఖలా కలదు. 2006లో ఒకదానికి రెండు జన్యువులు చేర్చిన రెండవ విత్తనము వచ్చెను. కొన్నియేండ్లలోనే దేశమందలి పత్తిభూమిలో నూటికి తొంబది పాళ్లకు పైగా ఈ విత్తనములే నిండెను.

మొదటి సంవత్సరములలో ఫలితము మెచ్చదగినట్లే యుండెను. శనగపచ్చ పురుగు బాధ మిక్కిలి తగ్గెను, మందులఖర్చు తగ్గెను. కాని గులాబీ రంగు పురుగు కథ వేరయ్యెను. ఇది దాదాపు పత్తినొక్కదానినే తిని బ్రదుకును. దేశమంతట ఒకే విషముగల పత్తి నిండగా ఆ పురుగునకు వేరు ఆహారము లేకపోయెను. గుజరాతులో మొదటి విత్తనమును ఈ పురుగు తట్టుకొనుచున్నదని 2010లో మాన్శాంటో సంస్థయే ఒప్పుకొనెను. అటుపిమ్మట అయిదారేండ్లలో రెండవ విత్తనమును తట్టుకొను పురుగులు గుజరాతులోనే కనబడెను. 2017 నాటికి మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలలో తీవ్రనష్టము కలిగెను. నేడు మన పల్లెలలో గుడ్డిపూలను చూపి, కాయను చీల్చి లోపలి గులాబీ పురుగును చూపనేర్వని పత్తిరైతు లేడు.

ఒకే చేనిలో, ఒకే కాయలో రెండు వస్తువు లెదురెదురుగా నున్నవి. విత్తనములోని విషము నిర్మింపబడినది. పురుగులోని ప్రతిఘటన యెవరును నిర్మింపనిది. రెండింటి పోలికను బట్టి నిర్మాణము జాడ యెట్లుండునో, వరణము జాడ యెట్లుండునో తెలిసికొనవచ్చును. బీటీ విషము పనిచేయుటకు పురుగు ప్రేగులో నొక మాంసకృత్తునకు అంటుకొనవలెను. విషము తాళపుచెవి యనుకొనినచో అది తాళము వంటిది. మన దేశపు చేలలో మొదటి విషమును తట్టుకొనిన పురుగులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిన దేమన, ఆ తాళపు జన్యువు ఎనిమిది వేరు వేరు విధములుగ చెడిపోయియున్నది. తెలిసి చేసినవాడెవడైనను ఒక్క మంచి ఉపాయమును కనిపెట్టి అదియే అంతట వాడును. విత్తనమును చేసినవారు అట్లే చేసిరి. ఇచ్చట చక్కని ఉపాయ మొకటియు లేదు. ఒకచోట ఒక విధముగ, మరొకచోట మరొక విధముగ, మోటుగా విరిగిన తాళములు ఎనిమిది. ఏది విరిగినను పురుగు బ్రదికెను గనుక ప్రతి విరుగుడును నిలిచెను. బుద్ధి లేకయే పని నెరవేరెను. వరణము వదలిన వ్రేలిముద్ర యిది.

4. విరుగుట వేరు, కట్టుట వేరు కాదా?

నిర్మాణవాదులు ఇచ్చట నొక గట్టి యాక్షేపణ చేయుదురు. తాళము విరుగుటకు బుద్ధి అక్కరలేదు, ఒప్పుకొంటిమి, కాని తాళమును చేయుట కావలదా? వరణము పాడుచేయగలదు గాని కొత్తదానిని కట్టగలదా? ఈ ప్రశ్న న్యాయమైనది. సమాధానమునకై పత్తిచేనినుండి గట్టు దాటి ప్రక్కనున్న మిరపచేనిలోనికి పోవుదము.

మిరప ఘాటు మనకొరకే, ఆవకాయకొరకే సృజింపబడినదని నవ్వులకైన అనుకొందుము గదా! కాని మిరప అమెరికా ఖండపు మొక్క. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారివలన మన దేశమునకు వచ్చినది. అంతవరకు మన వంటలకు ఘాటు నిచ్చినవి మిరియములు, పిప్పళ్లు. ఆంధ్రులకొరకే చేసిన వస్తువును అన్నివేల యేండ్లు సముద్రముల కావల దాచియుంచుట వింత గాదా? దాని ఘాటు అది పుట్టిన అడవులలో చేయు పని వేరు. అడవిమిరప పండ్లను తిన్న పక్షులు గింజలను చెడకుండ విసర్జించుననియు, ఎలుకలవంటి క్షీరజంతువులు గింజలను నమిలి పాడుచేయుననియు, ఘాటు ఎలుకలను తరుముననియు 2001లో ఋజువయ్యెను. గింజలను కుళ్లించు బూజును ఘాటు అణచుచున్నదని బొలీవియా అడవిమిరపలపై చేసిన పరిశోధన 2008లో చూపెను. మన నాలుకపై మంటను తెలుపు గ్రాహకమును 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెలు బహుమానమును పంచుకొనిరి. ఆ గ్రాహకము పక్షులకును కలదు గాని, వానిలో అది కొంచెము వేరు రూపున నుండుటచే మిరపకు స్పందింపదు. పచ్చిమిరప తిను చిలుకకు మంట లేకపోవుటకు కారణమిది.

ఇంత పొందిక యెట్లు కట్టబడినది? 2014లో మిరప జన్యుపటమును ప్రకటించిన శాస్త్రజ్ఞులు దానిని టమాటా జన్యుపటముతో పోల్చి చూచిరి. రెండును ఒక్క కుటుంబపు మొక్కలు. మిరపలో ఘాటును చేయు జన్యువు శూన్యమునుండి పుట్టలేదు. పూర్వమే వేరు పనికై యున్న జన్యువు పలుమార్లు నకలు కాగా, ఒక నకలు పాతపని విడిచి కాయలో కొత్తపనికి తగినట్లు మారెను. పాత యింటి దూలములతో కొత్త పాక వేయుటవంటిది ఈ పని. మనము నేడు సాగుచేయు అమెరికా జాతి పత్తియు నిట్టిదే. పది యిరువది లక్షల యేండ్ల క్రిందట పాతప్రపంచపు పత్తిజాతి యొకటియు కొత్తప్రపంచపు పత్తిజాతి యొకటియు సంకరమగుటచే, రెండింటి జన్యుసముదాయములు ఒక్క మొక్కలో చేరినవి. కావున వరణము విరుచుటయే గాదు, నకళ్లు పుట్టినచోట కట్టుటయు నెరుగును. అయితే అది కొత్త సామగ్రిని తెప్పింపజాలని మేస్త్రి. చేతి కందిన పాతసామానుతోనే కట్టును. జీవుల శరీరములలో అంతట కనబడు అతుకులకు కారణమదియే.

ప్రాణము మొట్టమొదట నెట్లు పుట్టినదను ప్రశ్న దీనికంటె వేరు. సంతతిని కనునదియు, సంతతికి గుణములను అందించునదియు నగు వస్తువొకటి పుట్టిన పిమ్మటనే వరణము పని మొదలగును. దానికి ముందు జరిగినదానిని రసాయనశాస్త్రము ఇంకను వెదకుచున్నది.

5. న్యాయస్థానమున నిర్మాణవాదము

ఈ వ్యాజ్యము నిజముగా నొక న్యాయస్థానమున నడచినది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున డోవరు అను ఊరి పాఠశాలామండలి 2004లో, డార్విను సిద్ధాంతములో లోపములున్నవనియు బుద్ధిపూర్వక నిర్మాణమను వేరొక సిద్ధాంతము కలదనియు తొమ్మిదవ తరగతి విద్యార్థులకు చదివి వినిపింపవలెనని తీర్మానించెను. పదునొకండుగురు తల్లిదండ్రులు దావా వేసిరి. ఆరు వారములు విచారణ జరిగెను. 2005 డిసెంబరు 20వ తేదీన న్యాయాధిపతి జాన్ జోన్సు, నిర్మాణవాదము శాస్త్రము కాదనియు మతసృష్టివాదమునకే అది మారుపేరనియు తీర్పు చెప్పిరి.

న్యాయవాదులకు ఆ వ్యాజ్యములో రెండు సంగతులు ముఖ్యములు. మొదటిది దస్తావేజు. నిర్మాణవాదులు చూపిన పాఠ్యగ్రంథముయొక్క పాత చిత్తుప్రతులు న్యాయస్థానమునకు వచ్చెను. సృష్టివాదమును పాఠశాలలలో నిర్బంధముగ చెప్పింపరాదని 1987లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పిన వెంటనే, ఆ ప్రతులలో సృష్టివాదులన్న మాటను కొట్టివేసి నిర్మాణవాదులన్న మాటను పెట్టిరి. ఒకచోట తొందరలో పాతమాట సగము మిగిలిపోయి కొత్తమాటతో అతుకుకొనెను. దిద్దిన దస్తావేజు తన కథను తానే చెప్పెను. రెండవది నిరూపణభారము. సూక్ష్మజీవులు ఈదుటకు వాడు కశాభము, ఒక్క భాగము తీసినను పనిచేయని యంత్రము గనుక క్రమముగ పుట్టియుండదని మైకేల్ బీహీ యను జీవరసాయనవేత్త 1996 నుండి వాదించుచుండెను. కశాభపు అడుగుభాగమును పోలిన పరికరము కొన్ని రోగకారక సూక్ష్మజీవులలో విషమెక్కించు సూదిగా పనిచేయుచున్నదని ప్రతిపక్షము చూపెను. మొత్తము లేనిదే భాగములు నిష్ప్రయోజనములన్న వాదము అంతటితో సడలెను. ప్రతివాదికి జవాబు తెలియదన్న మాత్రమున వాది గెలువడు. తన కేసును తాను ఋజువు చేయవలెను. నిర్మాత యెప్పుడు, ఎట్లు, దేనితో చేసెనో చెప్పని వాదము ఆ భారమును మోయజాలదు.

6. మన యింటి సంగతి

పరదేశపు వ్యాజ్యమని మనము నవ్వి యూరకుండరాదు. 2019 జనవరిలో జలంధరులో జరిగిన భారత విజ్ఞాన మహాసభలో అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఉపకులపతి, దశావతారములు డార్విను సిద్ధాంతముకంటె మేలైన సిద్ధాంతమని బాలబాలికల యెదుట చెప్పిరి. 2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పదవ తరగతి శాస్త్రపుస్తకమునుండి జీవపరిణామ భాగమును తొలగించెను. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు అభ్యంతరము తెలిపిరి. ఆ భాగము పన్నెండవ తరగతి జీవశాస్త్రములో నిలిచియున్నది గాని, పదవ తరగతి పిమ్మట ఆ శాస్త్రమును విడిచిన బాలుడు, పైచదువు లేక చేనికి పోవు బాలుడు దానిని ఎరుగకయే పెద్దవాడగును. మందుసీసా పట్టవలసినవాడు అతడే.

దశావతార కథను మనము అవమానింపము. మీనము మొదలు మనుష్యుని వరకు గల ఆ క్రమము అందమైన భావన. కాని అది క్రమమును చెప్పును, కారణమును చెప్పదు. దానినిబట్టి ఏ చేనిలో ఏ పురుగు ఎప్పుడు మందును తట్టుకొనునో యెవరును చెప్పజాలరు. డార్విను సిద్ధాంతమున మెట్లు లేవు, కొమ్మలు కలవు. నేటి చేప మనుష్యుడగుటకు వేచియున్నది కాదు. స్వదేశగౌరవమే కావలసినచో దానికి నిజమైన దారి కలదు. వరణమును 1924 నుండి గణితమున బిగించిన జె.బి.యస్. హాల్డేన్ 1957లో మన దేశమునకు వచ్చి, ఇచ్చటి పౌరుడై, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. పిఠాపురమున పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు శిష్యుడై జన్యుశాస్త్రమున పేరు గడించెను. ఈ శాస్త్రము మనకు పరాయిసొత్తు కాదు.

7. తెలిసినచో నేమి, తెలియకున్న నేమి?

బీటీ విత్తనము నమ్మునప్పుడు 450 గ్రాముల పొట్లముతో పాటు 120 గ్రాముల సాధారణ విత్తనపు చిన్న పొట్లము నిచ్చువారు. చేని చుట్టు అయిదు వరుసలైనను, నూటికి ఇరువది పాళ్ల నేలనైనను, ఏది ఎక్కువైన దానిని, ఆ సాధారణ విత్తనముతో నింపవలెనని విధి యుండెను. పురుగుకొరకు పైరు పెట్టుట యేమి వెర్రి యని పెక్కుమంది ఆ పొట్లమును పారవైచిరి. రెండెకరముల రైతునకు అయిదవవంతు వదలుట భారమే. అంతకంటె ముఖ్యముగ, ఎందుకు వదలవలెనో చెప్పినవారు లేరు.

ఎందుకో చూతము. ప్రతిఘటన గుణము సామాన్యముగ తల్లినుండియు తండ్రినుండియు రెండు వైపుల వచ్చిననే పురుగును కాపాడును. ఆ జన్యురూపము వేయింట ఒకటిగ నున్నదని ఉదాహరణకై ఊహింతము. రెండు వైపుల వచ్చిన పురుగులు పదిలక్షలలో ఒకటి. కోటి పురుగులలో పది మిగులును. చేనియందు వేరే పురుగులు లేకున్నచో ఆ పదియు తమలో తామే జతకూడును, వాని సంతతియంతయు విషమును తట్టుకొనును. చుట్టువరుసలలో సాధారణ పురుగులు వేలకొలది బ్రదికియున్నచో, ఆ పదింటికి జత దొరకునది వానితోనే. పుట్టిన సంతతికి ఆ గుణము ఒక్కవైపే వచ్చును, బీటీ ఆకు తిని అది చచ్చును. పురుగుకొరకు విడిచిన ఆ అయిదు వరుసలే చేనికి కావలి. ఇది ఊహామాత్రము కాదు. అమెరికాలోని అరిజోనాలో 1996 నుండి ఈ విధిని రైతులు పాటించిరి. 2006 నుండి గొడ్డు రెక్కలపురుగులను కోట్లకొలది విడుచుటయు తోడయ్యెను. 2018లో ఆ దేశపు పత్తిచేలలో గులాబీ పురుగు నిర్మూలమైనదని ప్రకటించిరి. పురుగు అదే, విషము అదే. అచ్చట వరణమును లెక్కలోనికి తీసికొనిరి, ఇచ్చట తీసికొనలేదు.

నేడు మన రైతునకు మిగిలిన ఉపాయములును ఈ జ్ఞానమునుండి వచ్చినవే. పంటను మాఘ ఫాల్గుణముల వరకు సాగదీయక డిసెంబరు నాటికి ముగించుట, పత్తికట్టెను చేనిలో నిలువయుంచకుండుట, లింగాకర్షక బుట్టలు పెట్టుట, ఒకే మందును మరల మరల కొట్టకుండుట. మన సమాజసభ్యులలో భూములు గలవారు, పాఠశాలలు నడపువారు కలరు. ఈ సంగతి కౌలుదారునకు, పాలికాపునకు, బడిపిల్లలకు చెప్పుట వారి వంతు.

8. భక్తికి మిగిలిన చోటు

ఇక ఈశ్వరుని మాట. నిర్మాణవాదమును విడిచినచో దేవుని విడిచినట్లే యని భయపడువారు ఒక్కటి ఆలోచింపవలెను. పురుగు దవడలను దేవుడు స్వయముగ చెక్కెనన్నచో, కాయలోనికి తొలుచుకొనిపోవు నేర్పును ఆయనయే యిచ్చెనన్నచో, 1987లో పురుగునకు మందును తట్టుకొను శక్తి నిచ్చి రైతును చంపినదియు ఆయనయే కావలెను. పత్తిచేనిలో బ్రాకన్ అను చిన్న కందిరీగ జాతి కలదు. అది గొంగళిపురుగును కుట్టి కదలకుండ చేసి దానిపై గ్రుడ్లు పెట్టును. పిల్లలు బ్రదికియున్న ఆ పురుగునే తినుచు పెరుగును. ఇట్టి జీవులను దయామయుడగు దేవుడు ఉద్దేశపూర్వకముగ సృజించెనని తాను నమ్మజాలనని డార్విను 1860లో ఏసా గ్రే యను అమెరికా వృక్షశాస్త్రజ్ఞునకు వ్రాసెను. గ్రే స్వయముగ భక్తుడైన క్రైస్తవుడు. అయినను తన దేశమున డార్విను సిద్ధాంతమునకు మొదటి సమర్థకుడు ఆయనయే. సత్యమునకు భయపడని భక్తి యెట్లుండునో ఆయనను చూచి నేర్చుకొనవచ్చును.

మన సమాజమునకును ఇట్టి పరీక్ష ఇదివరలో వచ్చినది. వేదములు అపౌరుషేయములు, అభ్రాంతములు అను నమ్మకమును 1850 ప్రాంతమున మహర్షి దేవేంద్రనాథులు విడిచిరి. అక్షయకుమార దత్తు మొదలగువారు హేతువు చూపగా, పరిశీలించి, బాధపడి, విడిచిరి. సమాజము కూలలేదు. మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు జ్యోతిషపు భ్రమలను ఖండించిన చేతితోనే ప్రార్థనసమాజమును నిలిపిరి. ఇప్పుడు విడువవలసినది ఇంకొక ఆసరా. మనకు తెలియనిచోట దేవుని నిలిపినయెడల, తెలివి పెరిగినకొలది దేవునికి చోటు తగ్గుచుండును. అది దేవుని గౌరవించుట కాదు.

ప్రకృతి వరణమున దయ లేదు. పదిలక్షల పురుగులు చచ్చుట దానికి లెక్క లేదు, ఒక రైతు చచ్చుటయు లెక్క లేదు. కాని ఆ రైతు శవముముందు నిలిచిన మనుష్యునికి లెక్క కలదు. అతని మనస్సు ఇది అన్యాయమని మొరపెట్టును, అతని చేయి సాయమునకు చాచుకొనును. ఆ మనస్సును పూర్వజీవులనుండి క్రమముగ ఏర్పడినదే. అంతమాత్రమున దాని యాజ్ఞ మనకు చెల్లకపోదు. నేను ఈశ్వరుని వినునది ఆ యాజ్ఞలోనే గాని పురుగు దవడలో కాదు. ఆయన సన్నిధికి మనలను చేర్చునది సత్యమును భయము లేక వెదకుట, దుఃఖితులకు సాయపడుట. ఈ రెండును ఒక్క పత్తిచేనిలోనే చేయవచ్చును.

సత్యస్వరూపా, మాకు ఇంపైనదానికంటె నిజమైనదానిని కోరు బుద్ధిని ప్రసాదింపుము. ఆ నిజమును మా పొరుగువాని చేని గట్టు వరకు మోసికొనిపోవు ఓపిక నిమ్ము.